పూల డబ్బాలో సూదిమందు

ఆపరేషన్ చేసిన సర్జన్‌కు పెళ్ళి పత్రికలు వస్తాయి, దీపావళికి మిఠాయి డబ్బాలు వస్తాయి. కుట్లు విప్పిన నర్సు పేరైనా గుర్తుంటుంది. మత్తు డాక్టరును మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళకు ఏమీ గుర్తులేకుండా చేయడమే కదా నా పని. బెంగళూరు ఆసుపత్రుల్లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ అదే చేశాను. గంటల తరబడి నేను గుండె చప్పుడు విన్న మనుషులు ఇప్పుడు కూరగాయల మార్కెట్లో ఎదురుపడి, "కొంచెం జరగండి ఆంటీ" అని దాటిపోతుంటారు. నాకు నవ్వొస్తుంది తప్ప బాధ లేదు.

రిటైరయ్యాక, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, పుస్తకాల్లో లేనిది ఏమైనా చెప్పండి మేడం అంటారు. పుస్తకాల్లో లేనిదంటూ ఏముంది, అన్నీ ఉన్నాయి. అందులో ఉన్న ప్రశ్నను మన ఊరి మనుషుల దగ్గర ఎలా అడగాలో మాత్రం లేదు. అదే ఇక్కడ రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో నాకే గుర్తులేదు కాబట్టి ఆ గోల మీకు తప్పింది.

ఊటయిందా?

ఈ ఊళ్ళో ఎవరు ఎవరికి ఎదురైనా మొదట అడిగేది ఊట గురించే, అంటే భోజనం గురించే. కన్నడం వాళ్ళు "ఊట ఆయ్తా" అంటారు, మన తెలుగువాళ్ళు "ఊటయిందా" అంటారు. జవాబు మాత్రం ఒకటే, "ఆ, అయింది." తిన్నా అదే, తినకపోయినా అదే. లేదని చెబితే వాళ్ళు పెట్టాలి, మనం వద్దనాలి, వాళ్ళు మళ్ళీ బలవంతం చేయాలి. ఎందుకొచ్చిన గొడవ.

మా వృత్తిలో అదే ప్రశ్న మీద ప్రాణం నిలబడి ఉంటుంది. మత్తిచ్చాక గొంతు తన కాపలా తాను కాసుకోలేదు. కడుపులో తిండి ఉంటే పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అప్పుడిక ఆపరేషన్ చిన్నదా పెద్దదా అని చూసుకోవడానికి ఉండదు. ఖాళీ కడుపుతో రమ్మని మేం అంత నస పెట్టేది అందుకే.

నాకు పని నేర్పిన పెద్దసారు మైసూరు వైపు మనిషి. కోపం ముక్కు మీదే ఉండేది. ఒకరోజు హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన ఒక బట్టలకొట్టు గుమాస్తాను "ఊట ఆయ్తా?" అని అడిగారు. లేదు సార్ అన్నాడాయన. పెద్దసారు నాలుగడుగులు వేసి, ఏం తోచిందో వెనక్కి తిరిగి, "మరి టిఫిన్?" అన్నారు.

"అది అయింది సార్. మసాలె దోసె, కాఫీ. ఊట మాత్రం ముట్టలేదు" అన్నాడు గుమాస్తా, చెప్పిన మాట జవదాటని మనిషిలా.

ఇక గుమాస్తా పని అయిపోయిందనుకున్నాను. పెద్దసారు అతన్ని తిట్టలేదు. నా వైపు తిరిగి, "చూడమ్మా, అతను అబద్ధం చెప్పలేదు. నేనే సగం అడిగాను" అన్నారు. తర్వాత కారిడార్లో నడుస్తూ ఇంకో మాట చెప్పారు. "ఒకసారి అందరి ముందూ అడుగు, అది మర్యాద. అందరినీ బయటికి పంపి ఇంకోసారి అడుగు, అది వైద్యం."

బయటికి పంపడం అంత సులువేమీ కాదు. మన వాళ్ళు పేషెంటు మంచం చుట్టూ బెల్లం చుట్టూ ఈగల్లా ఉంటారు. దానికి నేను కనిపెట్టిన ఉపాయం కూడా ఊటే. "క్యాంటీన్ మూసేస్తారు, మీరంతా పోయి ఊట చేసి రండి" అంటే కాదనే మనిషి ఈ ఊళ్ళో లేడు.

మందు కాదు మేడం, పొడి

దేవనహళ్ళి నుంచి ఒక యువకుడు వచ్చాడు. ఎయిర్‌పోర్టులో ఉద్యోగం, బైకు మీద నుంచి పడి కాలు విరిగింది. పడుకున్నా గుండె పరుగు తీస్తూనే ఉంది. నొప్పికీ భయానికీ అంత పరుగు రాదు. మందులేమైనా వాడుతున్నావా అంటే లేదన్నాడు. వాళ్ళ అన్నదమ్ముల్ని ఊటకు పంపి మళ్ళీ అడిగాను.

"మందు కాదు మేడం, పొడి. లావు తగ్గడానికి జిమ్ సార్ ఇచ్చినాడు. ఫుల్ హెర్బల్."

డబ్బా తెప్పించి చూస్తే దాని మీద ఒక ఆకు బొమ్మ ఉంది, అంతకు మించి ఏమీ లేదు. జిమ్ సార్‌కు ఫోన్ చేసి ఇందులో ఏముంది నాయనా అని అడిగాను. "అంతా న్యాచురల్ మేడం" అన్నాడు. ఉమ్మెత్తకాయ కూడా న్యాచురలే అన్నాను. ఫోన్ పెట్టేశాడు. గుండె నెమ్మదించేదాకా ఆగి ఆపరేషన్ చేశాం.

ఆ తర్వాత "మందులేమైనా వాడుతున్నారా" అని అడిగి ఊరుకోవడం మానేశాను. మాత్రా, పొడా, కషాయమా, సూదా, జిమ్‌లో ఇచ్చిందా, పార్లర్‌లో ఇచ్చిందా, కొరియర్‌లో వచ్చిందా అని విడివిడిగా అడిగేదాన్ని. వినేవాళ్ళకు కూరగాయల బండి వెళుతున్నట్టుండేది. ఉండనీ.

నాన్న అంగడి

మాది బెంగళూరులోని బళేపేట. నాన్న గాజుల చెన్నప్ప అంటే అక్కడ తెలియనివాళ్ళు లేరు. గాజు తొడగడంలో కిటుకు చేతిలో లేదు, మాటలో ఉంది. మనిషి బిగుసుకుంటే చెయ్యీ బిగుసుకుంటుంది. అందుకని నాన్న చెయ్యి పట్టుకోగానే, "ఏమ్మా, మీ అత్త ఎట్ల ఉండాది?" అని మొదలుపెట్టేవాడు. అత్త కథ ఊపందుకునేసరికి గాజు మణికట్టు చేరేది. సెలైన్ సూది నేను ఎక్కించేదీ అచ్చంగా అలాగే. ఏ మెడికల్ కాలేజీలోనూ నేర్చుకున్నది కాదు.

గాజుల సైజులు మాకు అక్షరాల కంటే ముందు వచ్చాయి. రెండు-నాలుగు సన్న చెయ్యి, తర్వాత రెండు-ఆరు, రెండు-ఎనిమిది. రెండు-పది అంటే బాగా పెద్ద చెయ్యి. నాన్న ఏ సైజూ పైకి అనేవాడు కాదు, లోపలున్న మనిషికి వేళ్ళతో సైగ చేసేవాడు. "ఆడవాళ్ళ సైజు అంగట్లో అరిచేది కాదమ్మా" అనేవాడు. ఆ మాట విలువ నాకు నాగరత్నను చూశాక తెలిసింది.

నాగరత్న

నేను రిటైరవడానికి కొద్దిగా ముందు జరిగింది. నాగరత్నకు గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు. భర్త శీనప్పకు మా బళేపేటలోనే హార్డ్‌వేర్ అంగడి. ఆపరేషన్‌కు ముందు సాయంత్రం వార్డుకు వెళ్ళాను. మంచం పక్కన ఆమె అత్త లక్ష్మమ్మ కూర్చుని ఉంది.

"నువ్వు గాజుల చెన్నప్ప కూతురివి కదమ్మా? మీ నాయన చేతి గాజులు నేనూ ఏసుకున్నదాన్నే" అంటూ ఆ పెద్దావిడ తన ఖాళీ చేతులు ఒకసారి చూసుకుంది. భర్త పోయి చాలా కాలమైందట.

నేను నాగరత్నను నా కూరగాయల బండి ప్రశ్నలన్నీ అడిగాను.

"బీపీ మాత్ర ఒకటే డాక్టరక్కా. ఇంకేమీ లేవు."

"అదేం మాత్రలు మింగుతాదమ్మా" అని లక్ష్మమ్మ అందుకుంది. "సోమవారం, శనివారం ఒక్క పొద్దు ఉంటాది. తెల్లారితే లాల్‌బాగ్‌లో నడక. ఎట్లుండేది ఎట్లయిందో చూడు. మా వీధిలో ఆడోళ్ళంతా దీన్ని చూసి ఒక్క పొద్దులు పట్టినారు."

నాగరత్న దుప్పటి అంచు సరిచేసుకుంటూ ఉండిపోయింది. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. వాటికి ఎర్ర దారం చుట్టి ఉంది. థియేటర్లోకి గాజులు వద్దు, తీసేయాలన్నాను.

"తీయకూడదక్కా. నా బిడ్డ లావణ్య సీమంతంలో ఏసుకున్నవి. కాన్పయ్యేదాకా తల్లీ కూతురూ తీయకూడదని అత్త చెప్పింది."

"దారం ఎందుకు?"

"జారిపోతా ఉండాయి."

చెయ్యి పట్టుకుని చూశాను. గాజులు రెండు-పది, చెయ్యి రెండు-ఆరు. సీమంతం ఐదో నెలలో చేశారట, ఇప్పుడు లావణ్యకు నెలలు నిండాయి. నాన్న అంగట్లో కాన్పు తర్వాత లావెక్కిన చేతులు చూశాను, జబ్బు చేసి చిక్కిన చేతులు చూశాను. ఒక్క పొద్దులతో ఇంత తొందరగా సన్నబడ్డ చెయ్యి చూడలేదు. పైగా గబగబా సన్నబడ్డవాళ్ళకు గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు పడతాయని మాకు తెలిసిన సంగతే. సన్నబడే మందేదో వాడుతోందని నాకు అనుమానం వచ్చింది.

అందరినీ ఊటకు పంపి మళ్ళీ అడిగాను. "ఏమీ లేదక్కా, దేవుని దయ" అంది. నా చెయ్యి పట్టుకుని, "రేపు ఆపరేషన్ అయిపోవాలక్కా. లావణ్యకి ఏ పొద్దయినా నొప్పులు వస్తాయి. నేను పక్కనుండాల" అంది. ఆ మాట మాత్రం కళ్ళలోకి చూసి చెప్పింది. ఆమె మనసంతా అక్కడే ఉంది.

రెండు ఇడ్లీలు

పొద్దున థియేటర్ బయటే చిన్న స్కానింగ్ మెషీన్ కడుపు మీద పెట్టాను. రాత్రంతా పస్తున్న కడుపు ఖాళీ సంచిలా ముడుచుకుని ఉండాలి. నాగరత్న కడుపు పెళ్ళి భోజనం నుంచి లేచిన మనిషి కడుపులా ఉంది.

మా సర్జన్ ప్రకాశ్ చెయ్యి మంచిది, ఓపికే తక్కువ. "టైం అవుతోంది మేడం" అంటూ వచ్చి, తెర మీద చూసి, ఉసూరుమన్నాడు. ఇంటివాళ్ళను పిలిచి కడుపు ఖాళీగా లేదని చెప్పాం.

"ఏమే, తిన్నావా?" అన్నాడు శీనప్ప.

"నా కోడలు ఒక్క పొద్దు తప్పే మనిషి కాదప్పా. మిషన్లోనే ఏదో ఉండాది" అంది లక్ష్మమ్మ.

నాగరత్న అందరి మొహాలూ చూసింది. "తిన్నా. తెల్లారి ఆకలయింది. రెండు ఇడ్లీలు తిన్నా" అంది.

లక్ష్మమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. ప్రకాశ్‌కు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. "ఇంతేనా. అయితే రేపు చేసేద్దాం. ఇవాళంతా ఏమీ పెట్టకండి" అని వెళ్ళిపోయాడు. ఇడ్లీలతో అందరికీ లెక్క సరిపోయింది. నాకు సరిపోలేదు. నా అనుమానం నిజమైతే, తిన్నది కదలనివ్వని ఆ మందు వల్ల రేపూ ఈ కడుపు ఇలాగే ఉంటుంది. రేపు నాకు సెలవు. నా బదులు వచ్చే డాక్టరు, నిన్నంతా పస్తే కదా అని మత్తిచ్చేస్తే నాగరత్న బల్ల మీద నుంచి లేస్తుందో లేదో చెప్పలేం.

"మీరంతా పోయి ఊట చేసి రండి" అన్నాను.

"తెల్లారతానే ఊటేందమ్మా?" అన్నాడు శీనప్ప.

"అయితే టిఫిన్ చేసి రండి."

వాళ్ళు వెళ్ళాక స్టూలు దగ్గరికి లాక్కుని మా వీధి భాషలోకి దిగాను. "నాగరత్నా, క్యాంటీన్ తెరిచే టైముకి నువ్వు స్ట్రెచర్ మీద ఉండావు. ఇడ్లీలు యాడివి?"

ఏడ్చింది. ఏడవనిచ్చాను. తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చింది. సీమంతం రోజు గాజులాయన పేరంటాళ్ళందరి ముందూ, "అమ్మా, మీ సైజు ఈడ లేదు, రెండు-పది తెప్పించాల" అని అరిచాడట. వియ్యాలవారి వైపు ఎవరో నవ్వారట. లావణ్య కాపురం హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో. వాళ్ళ అపార్ట్‌మెంట్ కింద బ్యూటీ పార్లర్‌లో పిల్ల, సన్నబడడానికి వారానికో సూది వేసుకుంటే చాలంది.

"డాక్టరు చూసినాడా?"

"వాట్సాప్‌లో డాక్టరుండాడంట. వాంతులైతే తగ్గించమంటాడు, తగ్గినాంక పెంచమంటాడు."

"ఆ డాక్టరు మొహం ఎట్లుంటాది?"

"డీపీలో వెంకటరమణస్వామి పటం ఉండాదక్కా."

"సీసా మీద ఏం రాసుండాది?"

"ఏమీ లేదు. ఎర్ర చుక్క ఉండాది."

"యాడ పెట్టినావు?"

"ఫ్రిజ్‌లో మల్లెపూల డబ్బాలో. మామ పోయినప్పటి నించి అత్త పూల డబ్బా ముట్టదు కదా."

నిన్న ఎందుకు చెప్పలేదన్నాను. "ఎట్ల చెప్పేదక్కా? ఒక్క పొద్దుల వల్లే అని అత్త వీధంతా చెప్పుకొనింది. పెండ్లయినప్పటి నించి ఆయమ్మ నన్ను మెచ్చుకున్నది ఇదొక్కటే."

జారిన ఆమె గాజులు పైకి తోశాను. అంతలో నాగరత్న ఇంకో మాట అంది. "డబ్బాలో రెండు సీసాలుండాయి. ఒకటి లావణ్యకి తెప్పించినా. కాన్పయినాంక దాన్ని కూడా ఎవరూ నవ్వకూడదని."

ఓపిక మంచి ఆభరణమే గానీ, నేను ఎప్పుడూ వేసుకు తిరగను. "పాలిచ్చే తల్లికా?" అన్నాను. "ఆ సీసాలో ఏముండాదో నీకు తెలీదు. ఇచ్చిన పిల్లకీ తెలీదు. పసిబిడ్డ నోట్లోకి ఏం పోతాదో ఆ పటం పెట్టుకున్నోడికి తెలుసా?" ఇలాంటి సూదులు వేసుకుంటే తిన్నది కడుపులో చాలాసేపు కదలకుండా ఉంటుందనీ, అలాగే మత్తిస్తే ఏమవుతుందో కూడా చెప్పాను. "మీ ఇంట్లో వాళ్ళకి నేను చెప్పను, చెప్పకూడదు. డాక్టర్లకి మాత్రం రాసిపెడతాను. రేపు ఆపరేషన్ లేదు. ఇంట్లో ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం."

డబ్బా

టిఫిన్ చేసి వాళ్ళు తిరిగొచ్చారు. ఇడ్లీల కోపం లక్ష్మమ్మకు ఇంకా తగ్గలేదు.

"అత్తా" అంది నాగరత్న. "ఇంటికి పోయి ఫ్రిజ్‌లో నా పూల డబ్బా తెస్తావా?"

"ఇప్పుడు పూలెందుకు? నేను ముట్టనని తెలుసు కదా."

"నువ్వే తేవాల. తెరిచి చూసి తే."

ఆ గొంతులో ఏం వినిపించిందో, లక్ష్మమ్మ చెప్పులేసుకుని ఆటో ఎక్కింది. తిరిగి వచ్చేసరికి స్టీలు డబ్బా కొంగులో పట్టుకుని ఉంది. మంచం అంచున కూర్చుని మూత తీసింది. మల్లెపూల దండ కింద చిన్న సీసాలు రెండు.

"వీటివల్లనా నువ్వు సన్నగయింది?"

"ఊ."

"రెండోది ఎవురికి?"

"లావణ్యకి."

ముసలావిడ మూత పక్కన పెట్టింది. "నువ్వు లావుగుండావని నేనెప్పుడైనా అన్నానా?" అంది.

"అనలేదత్తా. సన్నగయినాంక మెచ్చుకున్నావు."

లక్ష్మమ్మ సీసాలు రెండూ తీసి నా చేతిలో పెట్టింది. దండ ఒక పక్క వాడినట్టుంది. వాడిన పూలు తుంచి పారేసి, మిగిలినది కోడలి జడలో తురిమింది. "ఆపరేషన్ లేదు కదా, పెట్టుకో" అంది. శీనప్ప కిటికీలోంచి రోడ్డు చూస్తున్నట్టు నటించాడు. మొగవాళ్ళకు ఆ విద్య బాగా వచ్చు.

"లావణ్యకి నేను చెప్పనా, నువ్వు చెప్తావా?" అంది లక్ష్మమ్మ.

"నేనే చెప్తా" అని నాగరత్న ఫోన్ అందుకుంది.

పిల్లలకు రెండు మాటలు

సన్నబడే మందులన్నీ విషమని నేను అనను. డాక్టరు మనిషిని ఎదురుగా చూసి, పరీక్షలు చేసి, కొంచెం కొంచెంగా పెంచుతూ ఇచ్చిన మందుతో షుగరూ బరువూ తగ్గి హాయిగా ఉన్నవాళ్ళు నాకు తెలుసు. పేరులేని సీసా మాత్రం మందు కాదు. అందులో అసలు ఏముందో, ఎంత ఉందో, కొరియర్ సంచిలో ఎన్ని రోజులు ఎండకు ఉడికిందో ఎవరికీ తెలియదు. వాంతులతో ఒళ్ళు ఎండిపోతే కిడ్నీలకు దెబ్బ. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు ఈ సూదీ వేసుకుని ఒక్క పొద్దులు కూడా పట్టారంటే కళ్ళు తిరిగి పడిపోతారు. ఒకే సూది నలుగురు పంచుకుంటే రోగాలూ పంచుకున్నట్టే. డాక్టరు రాసిన మందయినా సరే, ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇది మీరు పేషెంట్లకు చెప్పాలి. తిట్టొద్దు. మీరు ఒకరిని తిడితే, తర్వాత వచ్చేవాళ్ళు పూల డబ్బా కంటే మంచి చోటు వెతుక్కుంటారు. నవ్వే నోళ్ళున్నంత కాలం ఆ పార్లర్లకు బేరం తగ్గదు. సీసాలు ఔషధ నియంత్రణ అధికారులకు పంపాం, పార్లర్ కొన్నాళ్ళు మూతబడిందని విన్నాను. ఇంకో బోర్డుతో తెరిచి ఉంటారు, నాకేం భ్రమలు లేవు.

నాగరత్న సూదులు మానేసి, నూనె లేని తిండి తింటూ, జ్వరమో తగ్గని నొప్పో వస్తే వెంటనే రావాలన్న షరతు మీద ఇంటికి వెళ్ళింది. లావణ్యకు ఆడపిల్ల పుట్టింది. నొప్పులు పడుతున్నంతసేపూ నాగరత్న పక్కనే ఉంది. బిడ్డ ఏడుపు వినగానే గాజులు తీసేసిందట. ఆ తర్వాత కొన్ని వారాలకు మళ్ళీ మా దగ్గరికి వచ్చింది. స్కానింగ్‌లో కడుపు ఖాళీగా, చక్కగా ముడుచుకుని కనబడింది. ఆపరేషన్ ప్రకాశ్ చేశాడు, మత్తు నేనే ఇచ్చాను.

మత్తు దిగుతున్నప్పుడు చాలామంది ఇంటివాళ్ళ పేర్లు పలుకుతారు, కొందరు దేవుణ్ణి పిలుస్తారు. నాగరత్న కళ్ళు సగం తెరిచి నన్ను పోల్చుకుంది. అదే నాకు కొత్త. "ఊటయిందా డాక్టరక్కా?" అంది.

మధ్యాహ్నం దాటిపోయింది. పొద్దుటి నుంచి నేను కాఫీ కూడా తాగలేదు. అయిందమ్మా అనడానికి నోరు తెరిచి, ఆమె మొహం చూసి ఆగాను.

"లేదు నాగరత్నా, ఇంకా కాలేదు" అన్నాను.